సోడియం పర్‌కార్బొనేట్ పొడి: గంగమ్మ జాతర బట్టల మీద నా అనుభవం

మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే వారం రోజులూ తిరుపతిలో బట్టలుతికే వాళ్ళకు చేతినిండా పని ఉంటుంది. మొక్కుకున్న భక్తులు బైరాగి వేషానికి ఒళ్ళంతా నామాల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం పూసుకుంటారు. ఈసారి మా అక్క కొడుకులిద్దరూ మొక్కు ప్రకారం ఈ నాలుగు వేషాలూ వేశారు. వాళ్ళ పంచెలు, బనియన్లే కాక, గుంపులో వాళ్ళను ఎత్తుకుని తిరిగిన పెద్దవాళ్ళ చొక్కాలు కూడా మరకలతో ఇంటికి చేరాయి. అంగట్లో దొరికే మరకల పొడుల డబ్బాల వెనుక చదివితే, రంగు బట్టలకు పనికివస్తాయని చెప్పే చాలావాటిలో ముఖ్యమైన పదార్థం సోడియం పర్‌కార్బొనేట్ అని తెలిసింది. సువాసనలు, నురుగు పదార్థాలు ఏవీ కలపకుండా ఆ పొడిని మాత్రమే అమ్మే కిలో ప్యాకెట్టు ఒకటి 350 రూపాయలకు తెప్పించుకుని, జాతర నుంచి మామిడికాయల కాలం ముగిసేదాకా వాడాను.

చూడటానికి ఇది ముతక ఉప్పులా ఉంటుంది. నీళ్ళలో కరిగినప్పుడు ఒకవైపు చాకలి సోడాగా, మరొకవైపు హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతుంది; మరక రంగును విరగ్గొట్టేది ఆ పెరాక్సైడే. పొడిని మరక మీద చల్లి నీళ్ళు చిలకరిస్తే దాదాపు ఏమీ జరగదు. 40 నుంచి 60 డిగ్రీల వేడి ఉన్న నీళ్ళలో పూర్తిగా కరిగించి బట్టను నానబెట్టినప్పుడే దీని శక్తి కనిపిస్తుంది, చన్నీళ్ళలో చాలా నిదానంగా పనిచేస్తుంది. నాకు వచ్చిన ప్యాకెట్టు మీద ఈ వేడి సంగతి ఒక్క ముక్క కూడా రాయకపోవడం పెద్ద లోపమని భావిస్తున్నాను, ఎందుకంటే మొదటి రెండు రోజులు నేను తెల్లవారుజామున కుళాయి నీళ్ళలో నానబెట్టి, పొడి మంచిది కాదేమోనని అనుకున్నాను. తరువాత మధ్యాహ్నం రెండు గంటలకు, మా మిద్దె మీది ట్యాంకు నీళ్ళు చెయ్యి పెట్టలేనంతగా కాగి ఉన్న వేళ, నాలుగు లీటర్లకు రెండు పెద్ద చెంచాల చొప్పున కలిపి చూస్తే తేడా స్పష్టంగా తెలిసింది. నాలుగైదు గంటలకు మించి నానబెట్టినందువల్ల అదనపు ప్రయోజనం కనిపించలేదు; రాత్రి కలిపిన నీళ్ళు మరునాటికి పని చెయ్యవు కాబట్టి ఎప్పటికప్పుడు కొత్తగా కలుపుకోవాలి.

నామాల సుద్ద, చందనం ఆరిన తరువాత బ్రష్షుతో దులిపి ఉతికితే పోయాయి, వాటికి ఈ పొడి అవసరమే లేదు. బొగ్గు మాత్రం వేరు. అది రంగు కాదు, నూలు పోగుల మధ్య ఇరుక్కున్న నల్లటి రేణువులు. పెరాక్సైడ్ దాన్ని తెల్లబరచలేదు. సబ్బు బిళ్ళను చిక్కగా రుద్ది, మెత్తని బ్రష్షుతో నూలు సాగిన దిక్కుకే తోమి, నీళ్ళు మార్చి మార్చి జాడించవలసి వచ్చింది.

అసలు పరీక్ష కుంకుమ దగ్గర ఎదురైంది. తడి తగిలిన కుంకుమ వెంటనే లోపలికి ఇంకుతుంది కాబట్టి, బట్టను ముందుగా పొడిగానే గట్టిగా దులపడం, ఆ తరువాత మరకకు వెనుకవైపు నుంచి చన్నీళ్ళు ధారగా పోయడం తప్పనిసరి. ఇలా చేసిన పంచెల మీద, పసుపు, సున్నం కలిపి చేసే సంప్రదాయపు కుంకుమ మరకలు ఒక్కసారి నానబెట్టగానే బాగా తగ్గి పసుపు నీడగా మిగిలాయి. రంగు కలిపిన బజారు కుంకుమ పడిన చొక్కా మీద మాత్రం రెండుసార్లు నానబెట్టినా గులాబీ ఛాయ పోలేదు, మూడోసారికి కొంత పలచబడింది. దులపకుండా నేరుగా నానబెట్టిన ఒక బనియను మొత్తం గులాబీ రంగుకు తిరిగింది, దాన్ని తిరిగి తెల్లబరచడానికి పొడి రెండింతలు ఖర్చయింది.

పసుపు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్ళలో అన్నిటికంటే ఎక్కువ కనిపించే మరక అదే. పసుపు పడిన చోట సబ్బు రాస్తే అది ఎర్రగా మారడం చూసి బట్ట పాడైపోయిందని చాలామంది బెంబేలెత్తుతారు. పసుపులోని కర్‌క్యుమిన్ అనే రంగు క్షారం తగిలితే ఎరుపుకు, నిమ్మరసం వంటి పులుపు తగిలితే తిరిగి పసుపుకు మారుతుంది. మరక ఎక్కువయినట్టు కాదు. పర్‌కార్బొనేట్ నీళ్ళు కూడా క్షారమే కాబట్టి నానబెట్టగానే మరక ఎర్రబడుతుంది, కంగారుపడి మధ్యలో తీసివేయకూడదు. నానిన తరువాత జాడించి, మిగిలిన లేత మరకను తడిగా ఉండగానే నేరుగా ఎండలో ఆరవేస్తే, మా మిద్దె మీది ఎండకు రెండు రోజుల్లో ఆనవాలు లేకుండా పోయింది. పసుపు విషయంలో పొడి సగం పని చేస్తే, మిగతా సగం ఎండ చేసిందనడమే న్యాయం.

పులిహోర, సాంబారు మరకల్లో పసుపుతో పాటు నూనె కూడా ఉంటుంది. నూనె పొర ఉన్నంతవరకు నీళ్ళు రంగుదాకా చేరవు. అందువల్ల పొడి బట్ట మీదే గిన్నెలు తోమే ద్రవపు సబ్బు రెండు చుక్కలు వేసి, వేలితో రుద్ది, పావుగంట ఆగి కడిగిన తరువాతే నానబెట్టాలి. లడ్డూ నెయ్యి మరకకు ఈ మొదటి మెట్టు ఒక్కటే చాలు. నెయ్యి మీద పర్‌కార్బొనేట్ ఒంటరిగా చేసిందేమీ లేదు. కాఫీ, టీ మరకల మీద ఇది అద్భుతంగా పనిచేసింది, నెల పాతవి కూడా పూర్తిగా పోయాయి. అయితే ఒక లాండ్రీలో మరకను గమనించకుండా ఇస్త్రీ చేసి ఇచ్చిన చొక్కా మీద మాత్రం కాఫీ గోధుమ రంగు గీతగా స్థిరపడిపోయింది. మరక పోయిందో లేదో వెలుతురులో చూడకుండా ఇస్త్రీపెట్టె ఆనించకూడదని అప్పుడు అర్థమైంది.

జాతర రద్దీలో చిన్నవాడు పడి మోకాలు గీరుకున్నాడు. నెత్తురు మరకకు వేడినీళ్ళు పోస్తే అందులోని మాంసకృత్తులు గడ్డకట్టి నూలుకు పట్టుకుంటాయి కాబట్టి, ముందు చన్నీళ్ళలో అరగంట నానబెట్టి పిండాను. తరువాత పర్‌కార్బొనేట్ కలిపిన గోరువెచ్చని నీళ్ళలో వేస్తే మరక చుట్టూ సన్నని నురుగు లేచింది. నెత్తురులోని ఒక ఎంజైము పెరాక్సైడ్‌ను విరగ్గొట్టడం వల్ల అలా జరుగుతుంది. ఆ నిక్కరు శుభ్రంగా వచ్చింది.

పట్టు, ఉన్ని బట్టలకు దీన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదు, క్షారం ఆ పోగులను దెబ్బతీస్తుంది. ప్యాకెట్టు మీద ఈ హెచ్చరిక లేకపోవడం రెండో లోపం. పట్టుచీరలు లేని ఇల్లు మన ఊళ్ళో ఉండదు కదా! రంగు బట్టలకు లోపలి అంచు మీద ఒకసారి పరీక్షించి చూడాలి. తుప్పు మరక ఉన్న నూలు బట్టను నేరుగా ఇందులో నానబెట్టకూడదు, ఇనుము పెరాక్సైడ్‌ను వేగంగా విరగ్గొట్టి ఆ చోట పోగును బలహీనపరుస్తుంది. నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి తుప్పు వదిలించిన తరువాతే ఈ పొడి దగ్గరకు రావాలి. ఉప్పదనం ఎక్కువైన బోరు నీళ్ళు వాడేవాళ్ళు చివరి జాడింపు రెండుసార్లు చేయాలి, లేకపోతే ముదురు రంగు బట్టల మీద తెల్లటి పొర మిగులుతుంది. కలిపిన నీళ్ళను సీసాలో పోసి మూత బిగించడం ప్రమాదకరం, ఆక్సిజన్ వాయువు పోగై సీసా పగలవచ్చు. వినెగర్‌తో గానీ, బ్లీచింగ్ ద్రవంతో గానీ కలపకూడదు. చేతులకు తొడుగులు వేసుకోవడం మంచిది.

జూన్‌లో చిత్తూరు దగ్గర బంధువుల తోటలో బేనీషా మామిడికాయలు కోసేటప్పుడు పంచె మీద సొన పడింది. ఆరి నల్లబడిన ఆ మరక మూడుసార్లు నానబెట్టినా కదలలేదు. సొన, బొగ్గు, నెయ్యి తప్ప తక్కిన నూలు బట్టల మరకల్లో చాలావాటికి ఈ పొడి పెట్టిన డబ్బుకు తగిన పని చేసింది కాబట్టి రెండో కిలో కూడా తెప్పించి, తడి తగలని డబ్బాలో పోసి పెట్టాను. సొన మరక పడిన పంచెను తోటపనికి వేరుగా ఉంచాను.