ఆరేళ్లుగా ఫేడ్ కటింగ్: నా తలకు కుదిరింది లో ఫేడే

ఆరేళ్ల నుంచి నేను చేయించుకుంటున్నది ఫేడ్ కటింగే, అంటే పక్కల జుట్టు కింద పొట్టిగా మొదలై పైకి వెళ్లేకొద్దీ మెల్లగా పొడవయ్యే కటింగ్. మూడు వారాలకోసారి అనుకున్నా ఈపాటికి వంద సార్లు దాటి ఉంటుంది. ఫేడ్ ఎంత ఎత్తు వరకు పోతుందన్నదాన్ని బట్టి లో, మిడ్, హై, కింద చర్మం కనిపించేలా తీసే స్కిన్, చెవి వెనక కిందికి వంగే డ్రాప్, అన్నీ చేయించి చూశాను. చివరికి రెండేళ్లుగా ఒకదాని దగ్గరే ఆగిపోయాను: చెవి మీద రెండు వేళ్ల ఎత్తు దాటని లో ఫేడ్, కింద ఒకటో నంబర్, పైన కత్తెర. ఫోన్‌లో ఫోటో చూపించి కూర్చునేవాళ్లకు నా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు నంబర్ల సంగతి. మిషన్‌కు తగిలించే ప్లాస్టిక్ దువ్వెన మీద అంకె ఉంటుంది. ఒకటి పెడితే 3 మిల్లీమీటర్ల జుట్టు మిగులుతుంది, రెండు పెడితే 6, మూడుకు 10, నాలుగుకు 13. ఒకటి కంటే చిన్నది అర నంబర్, అంటే 1.5 మిల్లీమీటర్లు. ఈ మెట్లు కంటికి కనిపించకుండా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతేనే అది ఫేడ్. చెవి ముందు, మెడ దగ్గర మాత్రమే సన్నబరిచి మిగతాది వదిలేస్తే దాన్ని టేపర్ అంటారు. ఆఫీసులో మరీ కొట్టొచ్చినట్టు కనిపించకూడదనుకుంటే అదే మంచిది.

నాకు కటింగ్ చేసే బార్బర్ అన్న పని చూస్తుంటే ముచ్చటేస్తుంది. స్కిన్ ఫేడ్ అయితే దువ్వెన తీసేసిన మిషన్‌తో ముందు చుట్టూ ఒక గీత పెడతాడు. తర్వాత బొటనవేలితో మిషన్ పక్కనున్న, జుట్టు ఎంత మిగలాలో కొద్దికొద్దిగా మార్చే చిన్న లివర్ కిందికి లాగి, ఆ గీత పైన అర వేలు మందం తీస్తాడు. మిషన్‌ను నేరుగా పైకి తోయడు, మణికట్టు తిప్పి బయటికి విసిరినట్టు లేపుతాడు. ఆ తర్వాత ఒకటో నంబర్, మళ్లీ లివర్ సగం, మళ్లీ అర నంబర్. మధ్యమధ్యలో రెండడుగులు వెనక్కి జరిగి, కళ్లు చిన్నవి చేసి అద్దంలో చూస్తాడు. ఎక్కడైనా నల్లటి నీడ మిగిలితే అక్కడికే తిరిగొస్తాడు. నలభై నిమిషాల్లో పాతిక నిమిషాలు పక్కలకే పోతాయి. పది నిమిషాల్లో ఫేడ్ అయిపోయిందంటే గీత ఎక్కడో మిగిలే ఉంటుంది.

అది నాకు మా అక్క పెళ్లప్పుడు తెలిసింది. ముందురోజు తెలియని షాపుకెళ్లి హై స్కిన్ ఫేడ్ ఫోటో చూపించాను. షాపు నిండా జనం, అతనిది హడావిడి. కుడి చెవి పైన తెల్లటి గీత అలాగే ఉండిపోయింది. తల వెనక ఎముక కింద నాకు కొంచెం లోపలికి ఉంటుంది, జుట్టు పోయేసరికి ఆ పల్లం బయటపడింది. బ్లేడు పెట్టి గీసిన చోట మెడంతా మర్నాటికి ఎర్రటి పొక్కులు లేచాయి. పెళ్లి ఫోటోల్లో అవన్నీ కనిపిస్తాయి. చూసినప్పుడల్లా ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే అర్థమైంది. నేను చూపించిన ఫోటోలో ఉన్నది రింగుల జుట్టు. ఫేడ్‌కు మూలం 1940లు, 50ల నాటి అమెరికా సైనికుల పొట్టి కటింగ్ అయితే, దాన్ని ఒక కళగా తీర్చిదిద్దింది అక్కడి నల్లజాతి బార్బర్లు. బిగుతైన రింగుల్లో చిన్న చిన్న తేడాలు కలిసిపోతాయి. నాలాంటి దళసరి, నిటారు నల్ల జుట్టులో మిషన్ ఆగిన ప్రతి చోటా గీతలా కనిపిస్తుంది. మూడో నంబర్ దగ్గరైతే పక్కలు పొడుచుకొచ్చినట్టు నిలబడతాయి. అందుకే రెండో నంబర్ దాటాక మిషన్ ఆపి, దువ్వెన మీద కత్తెరతో కలపమని అడుగుతాను.

రెండోది తల ఆకారం. అరచేతిని చెవి పైన పెట్టి మెల్లగా పైకి జరపండి. ఒకచోట తల నడినెత్తి వైపు వంపు తిరుగుతుంది. ఫేడ్ ఆ వంపు దాటితే తల పుట్టగొడుగులా కనిపిస్తుంది. తల వెనక చదునుగా ఉన్నవాళ్లకు డ్రాప్ ఫేడ్ బాగుంటుంది, చెవి వెనక నుంచి కిందికి వంగి వెనక జుట్టు నిండుగా ఉంచుతుంది. గుండ్రటి ముఖానికి మిడ్ ఫేడ్ కాస్త పొడవు తెస్తుంది, కోల ముఖానికి లో ఫేడే నయం. రెండు సుళ్లున్నవాళ్లు హై ఫేడ్ జోలికి పోకండి, సుడి దగ్గర జుట్టు నిక్కబొడుచుకుంటుంది.

ఇక మెయింటెనెన్స్. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటర్ పెరుగుతుంది. అంటే స్కిన్ ఫేడ్ చేయించిన చోట రెండు వారాలకు నాలుగైదు మిల్లీమీటర్లు వచ్చేసి, ఆ నునుపు మొత్తం పోతుంది. పది రోజులకోసారి వెళ్లగలిగితేనే స్కిన్ ఫేడ్ పెట్టుకోండి. ఒకటో నంబర్ లో ఫేడ్ మూడు వారాలు మర్యాదగా ఉంటుంది. తిరుమలలో గుండు చేయించుకున్నాక రెండు నెలలకు జుట్టు ఎటూ కాకుండా ఉన్నప్పుడు కూడా నన్ను ఆదుకుంది ఇదే. చుట్టూ లో ఫేడ్ పెట్టి పైన ముట్టుకోలేదు, అప్పుడే ఒక రూపం వచ్చింది.

మొదటిసారి చేయించుకునేవాళ్లు కిందనుంచే మొదలుపెట్టండి. చాలకపోతే అదే కుర్చీలో ఇంకో వేలు పైకి జరపమని అడగొచ్చు, తీసేసింది మాత్రం నెలల తర్వాతే వస్తుంది. బ్లేడు కొత్తది మార్చమని మొహమాటం లేకుండా చెప్పండి. మా ఏరియాలో మంగళవారం షాపులు సెలవు, ఆదివారం కూర్చోడానికి చోటుండదు. నేను బుధవారం పొద్దున్నే వెళ్తాను. అప్పుడు మా అన్న ఆ పాతిక నిమిషాలు తొందర పడకుండా చేస్తాడు.