ఎక్స్‌బరీ తోటలో 12¼ అంగుళాల రైలు

ఇంగ్లండు దక్షిణ తీరంలో, హాంప్‌షైర్ జిల్లాలోని న్యూ ఫారెస్ట్ అంచున, బ్యూలీ నది ఒడ్డున ఉన్న ఎక్స్‌బరీ తోటకు ఎక్కువమంది పూల కోసం వెళ్తారు. అక్కడి ఆవిరి రైలును పిల్లలు అలిసిపోయినప్పుడు ఎక్కించే బండిగానే లెక్కవేస్తారు. మేమూ అలాగే అనుకొని ఏప్రిల్ నెలాఖరులో ఒక శనివారం వెళ్లాం. ఆరేళ్ల మా అబ్బాయి కోసం టికెట్లు కొన్నాం గానీ, ఆ రోజు ప్లాట్‌ఫారం మీద నుంచి కదలనని మొరాయించింది వాడు కాదు, నెల్లూరు జిల్లా నుంచి మమ్మల్ని చూడడానికి వచ్చిన మా నాన్న. బిట్రగుంట లోకో షెడ్డులో ఇంజినులో బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్‌గా ఉద్యోగంలో చేరి, ఆవిరి ఇంజిన్లు పోయాక డీజిల్‌కు మారి, డ్రైవరుగా రిటైరైన మనిషి ఆయన. కాబట్టి ఈ సమీక్షలో సగం తీర్పు ఆయనదే.

ముందు కొలతల సంగతి చెప్పాలి. ఈ రైలు పట్టాల మధ్య దూరం 12¼ అంగుళాలు, అంటే 311 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజి 1,676 మిల్లీమీటర్లు కనుక, ఇది అందులో అయిదో వంతు కూడా లేదు. దారి పొడవు మైలుంపావు, ప్రయాణం సుమారు ఇరవై నిమిషాలు. ఇంత చిన్న గేజి అనగానే పెద్ద ఇంజినును అచ్చుగుద్దినట్టు కుదించిన బొమ్మ ఒకటి, దాని వెనక బొగ్గూ నీళ్లూ మోసే టెండరు మీద మోకాళ్లు ముడుచుకొని కూర్చున్న డ్రైవరు మన కళ్లముందు మెదులుతారు. ఎక్స్‌బరీ ఇంజిన్లు ఆ జాతివి కావు. వీటిని ఏ పెద్ద ఇంజినుకూ నకలుగా కాక, కొండదారుల్లో తిరిగే నేరోగేజి ఇంజిన్ల పోలికలో, పట్టాల వెడల్పును మించిన లావు బాయిలరుతో, డ్రైవరు లోపల కూర్చొని నడిపే క్యాబుతో కట్టారు. ఇది అందం కోసం చేసిన పని మాత్రమే కాదు. ఇంజిను కొలతలన్నీ సగానికి తగ్గిస్తే బాయిలరులో పట్టే నీళ్లు సగానికి కాదు, ఎనిమిదో వంతుకు పడిపోతాయి. అచ్చంగా కుదించిన ఇంజినుకు అందుకే దమ్ము త్వరగా అయిపోతుంది. రోజంతా జనాన్ని లాగాల్సిన బండికి పొట్ట పెద్దదిగా ఉండాలి.

తోట చరిత్ర కొంత తెలిస్తే ఇంజిన్ల పేర్లు అర్థమవుతాయి. రోత్‌షీల్డ్ బ్యాంకర్ల కుటుంబానికి చెందిన లయొనెల్ డి రోత్‌షీల్డ్ 1919లో ఈ ఎస్టేటును కొని, దాదాపు 200 ఎకరాల్లో తోట వేశాడు. హిమాలయాలకూ చైనాకూ మొక్కల వేటకు వెళ్లేవాళ్లకు డబ్బు సాయం చేసి, వాళ్లు పంపిన విత్తనాలతో రోడోడెండ్రాన్లనే పూల పొదలను పెంచి, వాటిని ఒకదానితో ఒకటి కలిపి వెయ్యికి పైగా సంకర రకాలను పుట్టించాడు. ఆయన 1942లో పోయాక, 1955లో తోటలోకి జనాన్ని రానివ్వడం మొదలుపెట్టారు. రైలు మాత్రం ఆయన చిన్న కొడుకు లియొపోల్డ్ కల. వృత్తికి బ్యాంకరైన ఆ పెద్దమనిషి డెబ్బై ఏళ్లు దాటాక 2001లో దాన్ని నెరవేర్చుకున్నాడు. అప్పుడు వచ్చిన మొదటి ఇంజిను పేరు రోజ్‌మెరీ, మరుసటి ఏడు వచ్చినదాని పేరు నవోమీ. ఇద్దరూ ఆయన అక్కలు. 2008లో వచ్చిన మూడోదైన మరీలూకు తల్లి మారీ లూయీజ్ పేరు, షెడ్డులోని డీజిల్ ఇంజినుకు అన్న ఎడ్మండ్ ముద్దుపేరైన ఎడ్డీ పెట్టారు. మన లారీల నుదుట ఇంట్లోవాళ్ల పేర్లు రాయించినట్టే ఉందని నాన్న నవ్వారు గానీ, అమ్మకూ అక్కలకూ ఆవిరి ఇంజిన్లు ఇచ్చి అన్నకు డీజిల్ అంటగట్టడం ఆయనకు అన్యాయంగా తోచింది.

ఆవిరి ఇంజిన్లు మూడూ డెవన్‌లోని బ్రాటన్ ఫ్లెమింగ్ దగ్గరున్న ఎక్స్‌మూర్ స్టీమ్ రైల్వే కార్ఖానాలో తయారయ్యాయి. మ్యూజియం నుంచి తెచ్చి రంగు వేసినవి కావు, ఈ శతాబ్దంలో కొత్తగా కట్టినవి. నాకు ఇదే అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది. అయితే సొంత ఎస్టేటులో బుల్లి రైలు నడపడం ఇంగ్లండు జమీందార్లకు కొత్త ముచ్చటేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో సర్ ఆర్థర్ హేవుడ్ అనే ఆయన, పెద్ద ఎస్టేట్లలో సరుకు మోయడానికి 15 అంగుళాల గేజి చాలని వాదించి, తన ఇంటి ఆవరణలోనే రైలు వేసి చూపించాడు. 1896లో వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ ఈటన్ హాల్ ఎస్టేటుకు అదే కొలతలో మరొక రైలు కట్టించి, బొగ్గునూ ఇటుకలనూ మోయించాడు. హేవుడ్ చూస్తే ఎక్స్‌బరీ రైలును సరుకు లేని విలాసమని విసుక్కునేవాడేమో.

ఆ రోజు మా బండిని లాగింది రోజ్‌మెరీ. ఆరు చోదక చక్రాలు, వాటి వెనక రెండు చిన్న చక్రాలు, నీళ్ల ట్యాంకు ఇంజిను మీదే. నడుము వంచి చూస్తే పిస్టన్ రాడ్, దాన్ని చక్రానికి కలిపే కనెక్టింగ్ రాడ్, కీళ్ల దగ్గర తళతళలాడే నూనె అన్నీ చేతికందే దూరంలో కనిపిస్తాయి. పెద్ద ఇంజినులో ఇవి మన భుజం ఎత్తున ఉంటాయి కనుక ఒక్కొక్కటిగా తప్ప చూపుకు ఆనవు; ఇక్కడ మొత్తం యంత్రం ఒకే చూపులో ఇమిడిపోతుంది. రెండు సిలిండర్ల ఇంజిను, చక్రం ఒక్కసారి తిరిగేలోగా నాలుగుసార్లు ఊపిరి వదులుతుంది. చక్రాలు ఇంత చిన్నవి కావడంతో, బండి నెమ్మదిగానే పోతున్నా ఆ శబ్దం మాత్రం పరుగెత్తే మనిషి రొప్పులా వినిపిస్తుంది. కళ్లు మూసుకొని వింటే ఇది మెయిల్ బండి వేగం, తెరిస్తే సైకిలు వేగం అన్నారు నాన్న.

ఆయన చూపు మొదట పోయింది గేజి గ్లాసు మీదికి. బాయిలరులో నీటి మట్టాన్ని చూపించే ఆ గాజు గొట్టం ఇక్కడ బెత్తెడు కూడా ఉండదు. బాయిలరులోకి నీళ్లు తోసే ఇంజెక్టరు తిప్పగానే అందులో నీళ్లు చకచకా పైకి లేచాయి. పక్కన ఫైర్‌మ్యాన్ లేడు. డ్రైవరే ఒక చేత్తో ఆవిరిని హెచ్చించి తగ్గించే రెగ్యులేటరు పట్టుకొని, రెండో చేత్తో చిన్న పారతో గుప్పెడేసి బొగ్గు విసురుతూ వచ్చాడు. "దీనికి నీళ్లు దిగేదీ తొందరే, ఆవిరి ఎక్కేదీ తొందరేనమ్మా. మా పెద్ద ఇంజిన్లు కాస్త ఏమారినా ఓర్చుకునేవి, ఇది ఓర్చుకోదు. ఒక్కడే రెండు పనులూ చేస్తున్నాడంటే మంచి పనివాడే" అన్నారు. చిన్న ఇంజిను నడపడం సులువనుకునేవాళ్లకు ఈ మాట చెప్పాలి. నాన్న పాత ఉద్యోగం గురించి నా ఇంగ్లీషు ద్వారా తెలుసుకున్న డ్రైవరు, బండి ఆగాక నిప్పు మండే ఫైర్‌బాక్స్ తలుపు తెరిచి చూపించాడు. ఆ వేడి ముఖానికి తగలగానే నాన్న అలవాటుగా తలను ఒక పక్కకు తిప్పుకోవడం నేను చూశాను. ఆయన ఆవిరి ఇంజినులో పనివాళ్లు నిలబడే ఫుట్‌ప్లేటు దిగి నలభై ఏళ్లవుతోంది.

దారి విషయానికొస్తే, ఎక్స్‌బరీ సెంట్రల్ అనే స్టేషను నుంచి బయల్దేరిన బండి సమ్మర్ లేన్ తోట గుండా, చెరువు మీది వంతెన దాటి, ఒక సొరంగంలో దూరి, రాతితోట పై అంచు వెంబడి తిరిగి వస్తుంది. సమ్మర్ లేన్ పేరుకు తగ్గట్టు వేసవిలోనూ, శరదృతువులోనూ నిండుగా ఉండే చోటు; ఏప్రిల్‌లో రోడోడెండ్రాన్లు, అజేలియాలు విరగబూసేది ఎక్కువగా కాలిబాటల పక్కన. కనుక కిటికీలోంచి పూలు చూద్దామని ఈ రైలెక్కితే కొంత చప్పగా అనిపించవచ్చు. పూల కోసం నడవండి, రైలు కోసం రైలెక్కండి. సొరంగంలో వీలైతే ఇంజినుకు దగ్గరి పెట్టెలో ఉండండి; గోడలకు తగిలి వెనక్కొచ్చే ఆ చప్పుడు, తడి ఆవిరి, బొగ్గు వాసన కలిసి వచ్చే ఆ కొన్ని క్షణాలకే నేను టికెట్టు డబ్బులు చెల్లు వేసుకున్నాను. బట్టల మీద మసి నలుసులు పడతాయి, తెల్ల చొక్కా వద్దు.

తోట ప్రవేశ రుసుముకు అదనంగా రైలుకు వేరే టికెట్టు కొనాలి. నలుగురైదుగురు వెళ్తే ఇరవై నిమిషాల బండికి అది కాస్త బరువే. ఇంజిన్ల మీద ఆసక్తి లేనివాళ్లు, తోట ఒక్కటే చూసి వచ్చినా పోయేదేమీ లేదు. ఆసక్తి ఉన్నవాళ్లు ప్రయాణం కాగానే వెళ్లిపోకుండా ఇంజిన్ షెడ్డు దగ్గర ఒక అరగంట గడపాలి. సొంత కారుంటేనే వెళ్లడం తేలిక. న్యూ ఫారెస్ట్ రోడ్ల మీద గుర్రాలు, గాడిదలు స్వేచ్ఛగా తిరుగుతుంటాయి, నెమ్మదిగా నడపాలి. తోట మార్చి మధ్య నుంచి నవంబరు మొదటి రోజుల దాకా తెరిచి ఉంటుంది. డిసెంబరులో పిల్లల కోసం శాంటా రైళ్లు నడుపుతారు.

ఫలానా ఇంజినే కావాలని అడగడం కుదరదు, ఆ రోజు నిప్పు వేసినదే మనకు దక్కుతుంది. నాన్న సెప్టెంబరులో ఊరికి బయల్దేరుతున్నారు. ఈలోగా మరీలూను కూడా నడుస్తుండగా చూడాలని, మావాడి పేరు చెప్పి, రెండుసార్లు అడిగారు.