డాబా మీద మిగిలిన కరెంటు: ఐదేళ్ల వాడకం తర్వాత

ఖమ్మంలో మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించి ఐదేళ్లు దాటింది. దక్షిణం వైపు వాలుగా తొమ్మిది ప్యానెళ్లు. ఏడాది మొత్తం మీద చూస్తే రోజుకు పన్నెండు యూనిట్లు వస్తున్నాయి. మంచి ఎండకు పద్నాలుగు, ముసురు పట్టిన రోజు నాలుగు. మా వాడకం నెలకు సగటున 250 యూనిట్లు. అంటే నెలకు వందకు పైగా మిగులుతుంది. ఈ మిగులును ఏం చేసుకోవాలో తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది. కొత్తగా పెట్టించుకునేవాళ్లకు అంతకాలం పట్టకూడదనే ఇది రాస్తున్నాను.

ముందుగా ఒక జాగ్రత్త. మాకు బిగించినవాళ్లు నెట్ మీటర్ (లైన్‌లోకి పంపిన యూనిట్లనూ, లైన్ నుంచి తీసుకున్నవాటినీ విడివిడిగా లెక్కేసే మీటర్) రాకముందే స్విచ్ వేసి వెళ్లిపోయారు. పాత డిజిటల్ మీటర్ కరెంటు లోపలికి వస్తోందా, బయటికి పోతోందా అని చూడలేదు. మేం లైన్‌లోకి పంపిందంతా కూడా వాడకం కిందే లెక్కేసింది. సోలార్ పెట్టిన నెల బిల్లు మామూలు కంటే ఎక్కువ వచ్చింది. ఆ డబ్బు తిరిగి రాలేదు. నెట్ మీటర్ బిగించేదాకా ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) ఆన్ చేయనివ్వకండి.

ఇక అసలు విషయం. నెట్ మీటర్ వచ్చాక మా ఇంట్లో అందరం పగలే పనులు చేసుకోవడం మొదలుపెట్టాం. వాషింగ్ మెషీన్ మధ్యాహ్నం, ఇస్త్రీ మధ్యాహ్నం, మోటార్ మధ్యాహ్నం. అమ్మ అయితే గ్రైండర్ దగ్గర నిలబడి, 'పొద్దెక్కాక వేద్దాం లేరా, ఎండ కరెంటు వస్తుంది' అనేది. దీనివల్ల బిల్లు ఒక్క రూపాయి కూడా తగ్గలేదు. మా నెట్ మీటర్ లెక్కలో పగలు పంపిన యూనిట్‌కు రాత్రి తీసుకున్న యూనిట్ చెల్లు. ఎప్పుడు వాడినా ఒకటే. తేడా వచ్చేది ఆరు నెలలకు లెక్క తేల్చేటప్పుడు. అప్పటికీ మిగిలిన యూనిట్లకు ఇచ్చే ధర, మనం కొనే ధర కంటే తక్కువ. మొదటిసారి 600 పైచిలుకు యూనిట్లు అలాగే పోయాయి. నాకు నిజంగా బాధేసింది.

కాబట్టి చేయాల్సింది వాడకాన్ని పగటికి జరపడం కాదు. వేరేచోట డబ్బు పెడుతున్న పనిని కరెంటు మీదికి తేవాలి. మా ఇంట్లో అలాంటివి రెండే దొరికాయి, గ్యాసు, పెట్రోలు.

ఇండక్షన్ స్టవ్ కొన్నాం. నేను వేసిన లెక్క ప్రకారం ఒక సిలిండర్‌తో అయ్యే వంటకు ఇండక్షన్ మీద దాదాపు 130 యూనిట్లు పడతాయి. అదే 130 యూనిట్లను మిగుల్చుకుంటే వచ్చే డబ్బుతో ఒక సిలిండర్ రాదు. అన్నం, పప్పు, పాలు, కూరలు దాని మీదే. పుల్కాలు కాల్చడం, వంకాయ కాల్చడం మాత్రం మంట మీదే. యాభై రోజులకు అయిపోయే సిలిండర్ ఇప్పుడు ఆరు నెలలు దాటి వస్తోంది. అడుగు చదునుగా ఉండి, అయస్కాంతం అతుక్కునే స్టీలు గిన్నెలు కొనుక్కోవాలి, పాత అల్యూమినియం గిన్నెలు పనికిరావు. రెండోది ఎలక్ట్రిక్ స్కూటర్. ఒకసారి ఛార్జింగ్‌కు మూడున్నర యూనిట్లు, వారానికి రెండుసార్లు.

పగలు వాడితే లాభం లేదన్నాను గానీ, ఒక సందర్భంలో ఉంది. మార్చిలో మిట్టమధ్యాహ్నం ఇన్వర్టర్ ఎర్ర లైటు వెలిగి ఆగిపోయేది. డిస్‌ప్లే మీద 262 వోల్టులు. మా వీధిలో మరో రెండిళ్లకు సోలార్ వచ్చింది, అందరం ఒకే సమయానికి లైన్‌లోకి పంపుతుంటే వోల్టేజ్ ఎక్కిపోతోంది. ఇన్వర్టర్ నుంచి మీటర్ దాకా లాగిన వైరు సన్నగా ఉందని లైన్‌మన్ చూసి చెప్పాడు. లావు వైరు వేయించాం, స్కూటర్ ఛార్జింగ్ పన్నెండు గంటలకు మార్చాం. అప్పటినుంచి ఆ గొడవ తగ్గింది. లేకపోతే మంచి ఎండ గంటలే పోయేవి.

కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే మనిషి ప్రాణం కోసం అలా పెట్టారు, తప్పు పట్టకూడదు. బ్యాటరీ పెట్టుకోమని చాలామంది చెప్పారు. మా దగ్గర కోతలు తక్కువ, లైనే మనకు బ్యాటరీ లాంటిది కాబట్టి వద్దనుకున్నాను.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇప్పుడు 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. అంతకంటే పెద్దది పెట్టినా సబ్సిడీ పెరగదు. ఏడాది బిల్లులు ముందేసుకుని, వంట, బండి కలిపి లెక్క చూసుకుని సైజు నిర్ణయించుకోండి. మిగులు అమ్మి సంపాదిద్దామని మాత్రం పెద్దది పెట్టించుకోకండి.

మొన్న లెక్క తేల్చినప్పుడు మాకు మిగిలినవి 110 యూనిట్లు. వాటికి కూడా పని చూస్తున్నాం. వేడి నీళ్లకు గీజర్ పెడదామని అమ్మ అంటోంది.