పత్తర్ కా గోష్త్ ముక్కలకు ఏది పట్టించాలి: పెరుగా, పచ్చి బొప్పాయా, నిమ్మరసమా?

రంజాన్ నెల దగ్గర పడిందంటే చాలు, మటన్ కాల్చుకుని తినేవాళ్లందరూ అడిగేది ఇదే. ముక్కలకు పెరుగు పట్టించాలా, పచ్చి బొప్పాయి రుద్దాలా, నిమ్మకాయ పిండితే సరిపోతుందా అని. ఇది కూర ముక్కల సంగతి కాదు. గంటసేపు ఉడికే కూరలో ఏది పట్టించినా పెద్ద తేడా ఉండదు, మెత్తబరిచే పని సన్న మంటే చూసుకుంటుంది. తొడ భాగం నుంచి ఎముక లేకుండా పలకల్లా కోసి, కాలిన రాయి మీదో ఇనుప పెనం మీదో నాలుగైదు నిమిషాల్లో తీసేసే ముక్కతోనే చిక్కంతా. హైదరాబాద్ పత్తర్ కా గోష్త్ ఆ కోవకే చెందుతుంది, విదేశాల్లో ఉన్నవాళ్లు గ్రిల్ మీద వేసుకునే స్టేక్ అనే మాంసం పలక కూడా అంతే.

పెరుగైనా బొప్పాయైనా నిమ్మరసమైనా ముక్క లోపలికి పెద్దగా దిగదు. పైనున్న రెండు మూడు మిల్లీమీటర్లే వాటి రాజ్యం. అల్లం, వెల్లుల్లి, గరం మసాలా, నూనె కూడా అంతే. నిజంగా లోపలికి దిగేది ఉప్పు ఒక్కటే. కాబట్టి మందపాటి ముక్కను రాత్రంతా నానబెట్టి లోపలిదాకా మెత్తబడుతుందనుకుంటే నిరాశే మిగులుతుంది. కటికవాడితో 'పసందా కట్' అని చెప్పి, 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందంలో, కండ పీచుకు అడ్డంగా కోయించుకోండి. పీచు వెంట నిలువుగా కోసిన ముక్కను ఏ పులుపూ బాగుచేయలేదు, నములుతుంటే తాడులా సాగుతుంది. కోశాక చాకు వెనక వైపుతో రెండు వైపులా సన్నగా కొడితే ముక్క కాస్త వెడల్పవుతుంది, పట్టించినదీ బాగా అంటుకుంటుంది.

ఉప్పును మాత్రం తూకం వేసి వాడండి. అరకిలో మటన్‌కు 6 గ్రాములు, అంటే సన్న ఉప్పయితే దాదాపు ఒక టీస్పూన్. కల్లుప్పును చెంచాతో కొలిస్తే పలుకుల సైజును బట్టి లెక్క తప్పుతుంది. ఉప్పు చల్లిన మొదటి పావుగంట, ఇరవై నిమిషాల్లో ముక్క నీళ్లు వదులుతుంది, పైన తడి మెరుస్తుంటుంది. సరిగ్గా ఆ దశలో పెనం మీద వేస్తే ముక్క కాలదు, తన నీళ్లలో తానే ఉడుకుతుంది. ఆగితే ఆ ఉప్పునీరే చాలావరకు తిరిగి లోపలికి పీల్చుకుంటుంది, కాల్చేటప్పుడు రసం నిలబడుతుంది. అందుకే మిగతావి ఏవి కలిపినా కలపకపోయినా, ఉప్పు మాత్రం గంట ముందే పడాలి.

ఇక బొప్పాయి. పచ్చి కాయలో, ముఖ్యంగా తొక్క దగ్గరి పాలలో, పపైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. కండలోని మాంసకృత్తులను అది తెగ్గొడుతుంది. కాయ పండేకొద్దీ ఆ పాలు తగ్గిపోతాయి కాబట్టి పసుపు తిరిగిన కాయ పనికిరాదు. గోరుతో గీరితే తెల్లటి పాలు బొట్టుగా రావాలి. తొక్కతోనే చిన్న ముక్కలు చేసి, నీళ్లు పోయకుండా రుబ్బి, అరకిలోకు ఒక టేబుల్‌స్పూన్, అంటే 15 గ్రాములు కలపాలి. 8 మిల్లీమీటర్ల ముక్కకు ఫ్రిజ్‌లో రెండు మూడు గంటలు చాలు. ముదురు మేకయితే ఇంకో గంట. అంతకు మించకూడదు.

ఎందుకంటే పపైన్‌తో వచ్చే అసలు ఇబ్బంది బలం కాదు, అది ఆగకపోవడం. ఫ్రిజ్‌లో నెమ్మదిస్తుంది, ఆగదు. పొయ్యి మీద వేశాక వేడెక్కేకొద్దీ మరింత చురుకవుతుంది. 60, 70 డిగ్రీల దగ్గర దాని జోరు బాగా ఎక్కువ, 80 దాటితే గానీ చావడం మొదలుపెట్టదు. పలుచటి ముక్క ఆ వేడిని నిమిషాల్లో దాటేస్తుంది కాబట్టి ముప్పు లేదు. మందపాటి ముక్కను సన్న మంట మీద పెడితే మాత్రం అది 60, 70 మధ్య చాలాసేపు ఉండిపోతుంది, అక్కడే పైపొర ముద్దయిపోతుంది. బొప్పాయి ఎక్కువైన ముక్కను పచ్చిగా ఉండగానే గుర్తుపట్టొచ్చు. అంచును రెండు వేళ్ల మధ్య నలిపితే జిగటగా జారుతుంది, వేళ్లకు సన్నటి పొట్టులాంటిది అంటుకుంటుంది. రాయి మీద వేస్తే అతుక్కుపోతుంది, తిప్పబోతే పైపొర రాయి మీదే మిగులుతుంది. నోట్లో పెట్టుకుంటే పైన పిండి, లోపల పాత గట్టిదనమే. అప్పుడిక దాన్ని కైమా చేసి షామీ కబాబ్ వేసుకోవడం తప్ప దారి లేదు.

పెరుగు దగ్గర ఇంత హడావిడి ఉండదు. దాని పులుపు మెల్లటిది, pH 4.5 చుట్టూ ఉంటుంది. ఫ్రిజ్‌లో ఆరు గంటలు ఉంచినా బాగుంటుంది, మర్నాటిదాకా ఉంచినా చెడదు. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఈ ఓర్పే. ఇంట్లో మటన్ కాల్చే రోజున అనుకున్న వేళకు ఏదీ జరగదు. వచ్చేవాళ్లు ఆలస్యంగా వస్తారు, కరెంటు పోతుంది, రాయి కాలడానికే గంట పడుతుంది. పెరుగు ఈ ఆలస్యాలన్నీ భరిస్తుంది, బొప్పాయి భరించదు. హోటల్లో వంటవాళ్లకు ఏ ముక్క ఎన్నింటికి పొయ్యెక్కాలో తెలుసు కాబట్టి బొప్పాయి వాడి నెగ్గుకొస్తారు. ఇంట్లో ఆ లెక్క కుదరదు.

పెరుగుకూ లోపాలున్నాయి, అందులో పెద్దది నీళ్లు. గిన్నెలోంచి తీసిన పెరుగును అలాగే పట్టిస్తే ముక్క కాలకుండా తెల్లగా ఉడుకుతుంది. పలుచటి గుడ్డలో మూటగట్టి రెండు గంటలు వేలాడదీసి, ఆ గట్టి పెరుగును అరకిలో మటన్‌కు 100 గ్రాములు తీసుకోండి. ఉప్పు పట్టించి గంటైన ముక్కలకు దాన్ని, ఒక టేబుల్‌స్పూన్ అల్లం వెల్లుల్లి ముద్ద, అర టీస్పూన్ మిరియాల పొడి, ఒక టీస్పూన్ కారం, పావు టీస్పూన్ గరం మసాలా, రెండు టేబుల్‌స్పూన్ల నూనెతో కలిపి పట్టించండి. ఇందులో మళ్లీ ఉప్పు వేయొద్దు. పెరుగులోని పాలచక్కెర త్వరగా మాడుతుంది కాబట్టి పెనం మీద వేసే ముందు ప్రతి ముక్కనూ వేళ్లతో దూసి, పైన పల్చటి పూత మాత్రమే మిగలనివ్వాలి. ముద్దలు ముద్దలుగా వదిలేస్తే పైన నల్లబడి చేదెక్కుతుంది, లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఒక్కో వైపు రెండు నుంచి మూడు నిమిషాలు. పెనంలో ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు సందు ఉండాలి, ఇరికిస్తే ఆవిరి పట్టి అంతా చప్పబడుతుంది.

తూకం సరిగ్గా వేయగలిగితే రెండింటినీ కలిపే దారి కూడా ఉంది. రాత్రి పెరుగు పట్టించి ఉంచి, పొయ్యి వెలిగించే ముందు గంటన్నర మాత్రమే అరకిలోకు ఒక టీస్పూన్ బొప్పాయి ముద్ద కలపాలి. ముదురు మాంసానికి నేను మొగ్గేది దీనికే. లేత పొట్టేలు తొడ దొరికితే బొప్పాయి జోలికే పోనక్కర్లేదు. కచ్చి బిర్యానీకి బొప్పాయి వాడటం వేరే లెక్క. అక్కడ పచ్చి మాంసమూ సగం ఉడికిన బియ్యమూ ఒకే దమ్‌లో పూర్తవ్వాలి, మాంసానికి ముందే సాయం కావాలి.

నిమ్మరసం పులుపు పెరుగు కంటే ఎన్నో రెట్లు ఘాటు. అరగంటలోనే ముక్క పైభాగం ఎర్రదనం పోయి పాలిపోతుంది, అది పులుపుకే పైపైన ఉడికినట్టు. అలా రెండు గంటలు వదిలేస్తే పైపొర బిగుసుకుని, కాలిస్తే పొడిగా, సుద్దలా తగులుతుంది. నిమ్మకాయ రుచి కోసమే తప్ప మెత్తదనం కోసం కాదు. రాయి మీంచి తీశాక పిండుకుంటే రుచీ దక్కుతుంది, ముక్కా చెడదు. ముందే కలపాల్సిందే అనుకుంటే అరకిలోకు ఒక టేబుల్‌స్పూన్, ముప్పై నిమిషాలు, అదీ స్టీలు లేదా గాజు గిన్నెలో. ఇత్తడి, అల్యూమినియం గిన్నెల్లో పులుపు ఏదీ ఊరబెట్టకూడదు. వెనిగర్‌కూ ఇదే మాట. నిమ్మరసం మరీ ఎక్కువైతే బొప్పాయి పనీ మందగిస్తుంది, కాబట్టి రెండూ పోటాపోటీగా పోయడం వృథా.

అనాస, కివి కూడా బొప్పాయి బాపతే, ఇంకా తీపి ఎక్కువ కాబట్టి త్వరగా మాడతాయి. డబ్బాలో వచ్చే అనాస ముక్కలు వేడిచేసి మూసినవి, వాటిలో ఎంజైమ్ బతికి ఉండదు. వంటసోడా పద్ధతి చైనా వంటలో పలుచటి ముక్కలకు బాగా పనిచేస్తుంది: అరకిలోకు అర టీస్పూన్, ఇరవై నిమిషాలు, కడిగేయాలి. కడగడం మరిచిపోతే సబ్బు రుచి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో స్టేక్ కొనేవాళ్లకు ఒక మాట. బీఫ్‌లో రిబ్ ఐ లాంటి కొవ్వున్న మెత్తటి ముక్కకు ఉప్పు తప్ప ఏమీ అక్కర్లేదు, పైన పెరుగు పూస్తే దాని రుచి పాడుచేసుకున్నట్టే. ఫ్లాంక్, స్కర్ట్ లాంటి పీచు ముక్కలకూ, గొర్రె తొడ స్టేక్‌కూ పైన చెప్పిన పెరుగు కొలతే వాడుకోవచ్చు. ఫ్లాంక్‌ను మాత్రం కాల్చాక పది నిమిషాలు ఆగి, పీచుకు అడ్డంగా కోసి వడ్డించాలి.

రుబ్బిన బొప్పాయి ముద్ద మిగిలితే ఐస్ ట్రేలో ఒక్కో గడికి ఒక టీస్పూన్ చొప్పున వేసి గడ్డకట్టించండి. చలికి పపైన్ చావదు, కరిగాక మళ్లీ పనిచేస్తుంది. మాంసం మెత్తబడటానికి ఎండు పొడి రూపంలో అమ్మే టెండరైజర్ కొంటే మాత్రం ప్యాకెట్ వెనక చూడండి. కొన్నింటిలో ఉప్పు కలిసే ఉంటుంది, అప్పుడు మీ 6 గ్రాముల్లోంచి ఆ మేరకు తగ్గించాలి.