ఎండ కోసం ఆగే పువ్వు: నెరిమాలో, అకిటాలో కటకురి

జపాన్‌లో, టోక్యో నగరంలోని నెరిమాకు మొదటిసారి వెళ్లిన రోజు మబ్బు పట్టి ఉంది. వాలు నిండా కటకురి అనే అడవి పూల మొక్కలే, కానీ ఒక్క పువ్వూ విచ్చుకోలేదు. ఈ పువ్వు చలికీ వానకీ ముడుచుకుంటుంది, రాత్రిళ్లు మూసుకుంటుంది. ఎండ తగిలి గాలి కాస్త వేడెక్కితేనే ఆరు రేకులూ వెనక్కి మెలితిరుగుతాయి. అడవినాభిని ఎరిగినవారికి ఆ వంపు వెంటనే గుర్తొస్తుంది. ఇది మాత్రం జానెడు కాడ మీద నేలకేసి వంగి, లేత ఊదా గులాబీ రంగులో పూస్తుంది. నాలుగు రోజుల తరువాత ఎండ చూసుకుని పదకొండు గంటలకు మళ్లీ వెళ్తే, రేకుల మొదట్లో ముదురు రంగు వంకర గీతలు కూడా స్పష్టంగా కనిపించాయి.

టోక్యోలో ఉంటూ ఒక పూట మాత్రమే తీరిక ఉన్నవారికి నెరిమా చాలు. ఒయిజుమి గకుయెన్ స్టేషన్‌లో దిగి బస్సెక్కాలి, ప్రవేశ రుసుము లేదు. శిమిజుయామా అనే ఆ చిన్న అడవిలో దాదాపు 3 లక్షల మొక్కలున్నాయని చెబుతారు. మార్చి చివర, పూసే రోజుల్లోనే తెరుస్తారు కాబట్టి ముందుగా తేదీలు చూసుకోండి. దారి ఇరుకు, చుట్టూ ఇళ్లు. పువ్వును చూడగలం గానీ అది బతికే అడవి ఎలా ఉంటుందో అక్కడ పూర్తిగా తెలియదు.

దానికోసమే ఏప్రిల్ చివర్లో ఉత్తర జపాన్‌లోని అకిటా వెళ్లాను. టోక్యో నుంచి కొమాచి అనే బుల్లెట్ రైలు సుమారు మూడు గంటల్లో అక్కడి కకునోదాతే ఊరికి చేరుస్తుంది. అందులో రిజర్వేషన్ లేని సీట్లు ఉండవు. పైగా అవి కకునోదాతే సమురాయ్ వీధుల్లో సకురా (చెర్రీ) పూసే రోజులు, టికెట్టూ గదీ రెండూ కష్టమే. మొదటి రాత్రి ఊరి మధ్య ఒక సత్రంలో దిగాను. గది శుభ్రంగా ఉంది, వేడినీటి స్నానం హాయిగా ఉంది. శాకాహారమని, చేప వద్దని ముందే రాసి పంపినా, సూపులో ఎండు చేప రసం కలిపారు. అడిగితే క్షమాపణ చెప్పి తీసుకెళ్లారు, బదులుగా అన్నమూ పచ్చళ్లే మిగిలాయి. ఆ రాత్రి ఇచ్చిన డబ్బుకు అది న్యాయం కాదు.

రెండో రాత్రి కటకురి తోటలున్న నిషికి అనే పల్లె ప్రాంతంలో ఒక రైతు ఇంట్లో ఉన్నాను. ఖర్చు సగం, భోజనం రెండింతలు బాగుంది: కొండ ఆకుకూరలు, పొగపెట్టి ఊరవేసిన ముల్లంగి, వేడి అన్నం. పరుపు మనమే పరచుకోవాలి, స్నానాల గది అందరికీ ఒకటే. అయినా మళ్లీ వెళ్తే అక్కడికే వెళ్తాను.

కకునోదాతే నుంచి నాయ్‌రికు లైన్ చిన్న రైలెక్కి యత్సు స్టేషన్‌లో దిగితే కటకురి తోటలు దగ్గరే. రైళ్లు చాలా తక్కువ, తిరుగు రైలు సమయం రాసిపెట్టుకోండి. ఇక్కడి కటకురి సుమారు 20 హెక్టార్ల చెస్ట్‌నట్ తోటల కింద పూస్తుంది. ఏప్రిల్‌లో ఆ చెట్లకు ఇంకా ఆకులుండవు, ఎండంతా నేల మీదే పడుతుంది. కటకురి ఆ కొద్ది వారాల్లోనే ఆకు వేసి, పూసి, విత్తనం కట్టి, తన గడ్డలో పిండి దాచుకుంటుంది. పైన నీడ కమ్మేసరికి ఆకులు వాడి మాయమవుతాయి. ఏడాదిలో మిగతా కాలమంతా నేల కిందే. ఒకప్పుడు ఆ గడ్డల నుంచే కటకురికో పిండి తీసేవారు. ఇప్పుడు దుకాణాల్లో ఆ పేరుతో దొరికేది బంగాళాదుంప పిండి.

రాలిన కాయలు ఏరుకోవడానికి రైతులు ఏటా తోటలో గడ్డీ పొదలూ కోస్తారు. ఆ పని ఆగితే సాసా అనే పొట్టి వెదురు అల్లుకుని కటకురిని నీడలో ముంచేస్తుంది. ఈ పూలకు నేను ముందుగా కృతజ్ఞత చెప్పుకోవలసింది ఆ కొడవళ్లకే అనిపించింది.

నేను దిగిన రైతు ఇంటి పెద్దావిడ నన్ను దారి పక్కన కూర్చోబెట్టి, పూలు లేని ఒంటి ఆకులు చూపించారు. విత్తనానికి అంటుకున్న కొవ్వు ముద్ద కోసం చీమలు దాన్ని మోసుకుపోతాయి, మొలక అక్కడే లేస్తుంది. పూసేదాకా ఏడాదికి ఒక్క ఆకే, రెండో ఆకు వచ్చిన ఏడే పువ్వు. అందుకు ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఫోటో కోసం తాడు దాటి కాలు పెట్టినవారిని చూసి ఆవిడ ముఖం నల్లబడింది, నాకూ కోపం వచ్చింది.

మధ్యాహ్నం రెండింటికి మబ్బు కమ్మింది. చూస్తుండగానే కొండవాలంతా రేకులు ముడుచుకుంది. వచ్చే ఏప్రిల్‌కు అదే ఇంట్లో రెండు రాత్రులు అడిగి ఉంచాను, ఒక రోజు వాన పడినా ఇంకొకటి మిగులుతుంది.