పీణ్యలో సీసం రక్తపరీక్ష: సూదికి ఐదు స్టార్లు, రిపోర్టుకు రెండు

బెంగళూరు పీణ్యలో నాది చిన్న బ్యాటరీ షెడ్డు. పాత బ్యాటరీలు విప్పి, సెల్లు మార్చి, సీసం కరిగించి అతుకుతాం. పనివాళ్ళంతా మా కదిరి వైపు వాళ్ళే. అందరికీ రక్తంలో సీసం ఎంతుందో చూపిద్దామని దగ్గర్లోని ల్యాబుకు తీసుకెళ్ళాను. కౌంటర్లో అంటగట్టే ఫుల్ బాడీ ప్యాకేజీలో ఈ పరీక్ష లేదు, విడిగా అడగాలి. మనిషికి పద్దెనిమిది వందలు.

రక్తం తీసిన అమ్మాయికి మాత్రం దండం పెట్టాలి. పని బట్టలతో వచ్చిన కుర్రాణ్ణి చూసి, "అన్నా, చొక్కా మార్చుకో, చేతులు పైదాకా సబ్బుతో కడుక్కునిరా" అని వెనక్కి పంపింది. కడుక్కొచ్చాక కూడా స్పిరిట్ దూదితో తుడిస్తే బూడిదరంగు అంటింది. దూది తెల్లగా వచ్చేదాకా తుడిచి, అప్పుడు గానీ సూది పెట్టలేదు. చర్మం మీది దుమ్ము శాంపిల్లో కలిస్తే లెక్క తప్పుతుంది మరి. ట్యూబు కూడా లోహాల పరీక్షకు వాడే ముదురు నీలం మూతది.

నా గొడవంతా రిపోర్టుతోనే. అతుకు పని చేసే పెద్దాయనకు డెసిలీటరుకు 38 మైక్రోగ్రాములు. "హిమోగ్లోబిన్ 13 ఉంది కదా, భయం లేదు" అన్నాడు కౌంటరు మనిషి. ఏం మాటండీ అది! సీసం ముందు దెబ్బకొట్టేది రక్తానికి ఎరుపునిచ్చే హీమ్‌ను తయారుచేసే ఎంజైముల్ని. హిమోగ్లోబిన్ పడిపోవడం ఆ తర్వాతెప్పుడో కనబడుతుంది. హీమ్‌లో ఇనుము చేరాల్సిన చోట జింకు చేరి, ఎర్రకణాల్లో జింక్ ప్రోటోపార్ఫిరిన్ అనే పదార్థం పెరుగుతుంది. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు కాబట్టి ఈ పదార్థాన్ని కొలిస్తే గడిచిన మూడు నాలుగు నెలల్లో సీసం చేసిన దెబ్బ సంగతి తెలుస్తుంది. ఆ పరీక్ష వీళ్ళ దగ్గర లేదు.

ఇంకో కుర్రాడికి 8. పక్కన పచ్చ అక్షరాల్లో 'నార్మల్'. వీళ్ళ లెక్కలో 10 దాకా ఫర్వాలేదట. 5 ఉన్నా సరే, సీసం ఎక్కణ్ణుంచి వస్తోందో కనిపెట్టి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లోనే చెప్పింది. వాడిప్పుడు ఆ కాగితం చూపించి మాస్కు పెట్టుకోనని మొండికేస్తున్నాడు.

పైగా డిటాక్స్ పొడి డబ్బా ఒకటి అమ్మజూపారు. దుమ్ముకు దూరంగా ఉంటేనే రక్తంలో సీసం సగానికి దిగడానికి సుమారు నెల పడుతుంది. ఎముకల్లో చేరింది ఏళ్ళ తరబడి పోదు. పొడికి లొంగుతుందా?

పెద్దాయన్ని అతుకు పని మాన్పించి డాక్టరుకు చూపించాను. రెండు నెలలకు మళ్ళీ ఈ ల్యాబుకే వస్తాం, ఆ అమ్మాయి డ్యూటీలో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కుని. రిపోర్టు మాత్రం డాక్టరు చేతే చదివిస్తాం.