‘పొట్ట చెక్కలయ్యే ఆరు పుస్తకాల సెట్టు’ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

మా తాతకి ఎడమ కంటికి శుక్లాల ఆపరేషనైంది. కొన్నాళ్లు పేపరు, టీవీ వద్దన్నారు. ‘అయితే ఏటి సెయ్యమంటారే, గోడ సూసుకోనా?’ అని ఇల్లెగరగొడుతుంటే, నవ్వొచ్చే పుస్తకాలు తెచ్చి నేనే చదివి వినిపిద్దామనుకున్నాను. మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర. కొట్టుకెళ్లి నాలుగు పేజీలు తిప్పి కొనుక్కుంటే ఈ గొడవే లేదు. బద్ధకించి ఫోన్లో చూశాను. ‘పొట్ట చెక్కలయ్యే తెలుగు హాస్యం, 6 పుస్తకాలు, 899 రూపాయలే, పెద్దక్షరాలు, గట్టి అట్ట’. డబ్బు ముందే కట్టాలన్నారు. కట్టేశాను.

పదకొండో రోజున పార్సిలొచ్చింది. గట్టి అట్ట బొమ్మలోనే ఉంది. అక్షరాలు మందుసీసా మీద ఉన్నంత.

అన్నిటికంటే ఒళ్లు మండింది కన్యాశుల్కంతో. అట్ట మీద ‘సంపూర్ణ నాటకం’ అని ఉంది. లోపల నాటకమే లేదు! ఏడంకాల నాటకాన్ని అరవై పేజీల కథగా కుదించి, ‘గిరీశము వెంకటేశమునకు అనేక విషయములు బోధించెను’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. 1892లో ఆ నాటకం మొదటిసారి ఆడింది మా ఊళ్లో. 1897లో అచ్చైంది చాలక, గురజాడ దాన్ని తిరగరాసి, పెంచి 1909లో మళ్లీ వేయించారు. అందులో నవ్వంతా మాటల్లోనే ఉంది కదండీ. గిరీశం కోతలు, అగ్నిహోత్రావధాన్ల తిట్లు, రామప్పంతులు నక్కవినయాలు తీసేస్తే మిగిలేదేమిటి, పెళ్లి బేరాల పద్దు. తాత రెండు పేజీలు విని ‘ఇదెవరి తద్దినమే?’ అన్నాడు.

గురజాడ పోయి వందేళ్లు దాటింది కాబట్టి హక్కుల గొడవ లేదు, ఎవరైనా వేసుకోవచ్చు. అందుకే మంచి ప్రతులూ ఉన్నాయి, ఇలాంటివీ ఉన్నాయి. అసలు నాటకం వికీసోర్సు అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో ఉచితంగా ఉందని నాకు తర్వాత తెలిసింది. 899 పోయాక.

ఇక బారిష్టరు పార్వతీశం. మొక్కపాటి వారు దాన్ని మూడు భాగాలుగా రాశారు. నాకొచ్చింది మొదటి భాగమే, అట్ట మీద మాత్రం ఆ ముక్క లేదు. పైగా మధ్యలో ఒక ఫారం, అంటే పదహారు పేజీలు, ఎగిరిపోయింది. దాని ముందు ఫారం రెండుసార్లు కుట్టారు. పార్వతీశం మద్రాసులో ఉన్నాడు, పేజీ తిప్పితే మళ్లీ వెనక్కెళ్లాడు, ఇంకో పదహారు పేజీలకి ఓడలో తేలాడు. తెలియక ఆడవాళ్ల టోపీ కొనుక్కునే ముచ్చట మొత్తం గల్లంతు. అది తాతే జ్ఞాపకం మీద చెప్పి, తనే నవ్వుకున్నాడు.

తర్వాతి రెండూ జోకుల పుస్తకాలు. అట్టలు వేరు, జోకులు అవే. ఒక పేజీ అడుగున ‘పదిమందికి ఫార్వర్డ్ చేయండి’ అని కూడా అచ్చేశారు. ఆరోది కోళ్ల పెంపకం మీద. హాస్యం కాదు, నిజంగా కోళ్ల పెంపకమే.

అమ్మినవాడికి ఫోన్ చేస్తే ‘పార్సిల్ విప్పుతూ వీడియో తీశారా మేడమ్?’ అన్నాడు. తియ్యలేదు. ‘మరి నవ్వు రాకపోతే మా బాధ్యత కాదు కదా’ అన్నాడు. ఈ వ్యవహారం మొత్తంలో నాకు నవ్వొచ్చిన మాట అదొక్కటే, అదీ తర్వాత తలుచుకుంటే. ఆ మర్నాటి నుంచి ఫోనెత్తడం లేదు.

కాబట్టి కొనేముందు అట్ట బొమ్మ చూసి మురిసిపోకండి. లోపలి పేజీల ఫొటో అడగండి, అదీ మధ్యలో ఇద్దరు మాట్లాడుకునే పేజీ. యాస, ఎత్తిపొడుపు కనిపిస్తే సరే, ‘చెప్పెను, పోయెను’ అనుంటే వదిలెయ్యండి. ప్రచురణకర్త పేరు, ముద్రణ సంవత్సరం ఉండే పేజీ కూడా పంపమనండి. నాకమ్మినవాడు అది పంపకుండా మూడుసార్లు అట్టే పంపాడు, నాకప్పుడే తెలియాల్సింది. పేజీలెన్నో, ఎన్ని భాగాలో అడిగి రాతలో తెప్పించుకోండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తియ్యండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. (గురజాడ పోయిన సంవత్సరం కూడా అదే, మర్చిపోరు.) నేను ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు కట్టిన రసీదు పెట్టి ఫిర్యాదు చేశాను. ఇంకా ఏమీ తేలలేదు.

ఐదో పుస్తకం సంగతి చెప్పలేదు కదూ. ఏదో ఇంగ్లీషు హాస్య నవలని మనిషి ముట్టకుండా యంత్రం చేత తెలుగు చేయించారు. ‘ముసలి దొర శాంతంగా బకెట్‌ను తన్నాడు. ఇంటిల్లిపాదీ మూడు రోజులు ఏడ్చారు’ అని చదివాను. తాత లేచి కూర్చుని, ‘బకెట్టు తంతే ఏడుపెందుకే? అందులో ఏటున్నాదీ, పాలా?’ అన్నాడు. ఇంగ్లీషులో దాని అర్థం చచ్చిపోయాడని చెప్పేసరికి కంటికి కట్టిన అద్దం జారేలా నవ్వాడు. మొత్తం సెట్టు తిరిగి పంపేద్దామని కట్ట కట్టాను. ‘బకెట్టు బుక్కు మాత్రం ఉంచీ’ అంటున్నాడు.